ఫాషన్ మార్కెటింగు: సంత నేర్పునది, కళాశాల నేర్పునది

ఇంటర్మీడియటు పరీక్షా ఫలితములు వెలువడిన నాటినుండి ఖమ్మము, కొత్తగూడెము, పాల్వంచ, భద్రాచలము పట్టణములలో పెక్కు ఇండ్లయందు ఒకే చర్చ జరుగుచుండును. పిల్లవానిని ఏ చదువునకు పంపవలెను? పిల్లను ఎంత దూరము పంపవచ్చును? వైద్యము, ఇంజనీరింగు, ఉపాధ్యాయ శిక్షణ మొదలగువానిని గూర్చి పెద్దలకు తెలియును. వాని ఖర్చు తెలియును, ఫలము తెలియును. కాని అమ్మాయి వచ్చి, "నేను ఫాషన్ మార్కెటింగు చదివెదను" అన్నచో ఇంటిల్లిపాదియు ఒకరి మొగము ఒకరు చూచుకొందురు. "బట్టలమ్ముటకు కూడ కళాశాల కావలెనా? మన వీధి చివరి వర్తకుడు ఏ కళాశాలలో చదివినాడమ్మా?" అని తాతగారు అడుగుట సహజమే.

ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో, ఆ చదువులో చేరిన విద్యార్థి నిజముగా ఏమి నేర్చుకొనునో, ఆ నేర్చిన దానివలన ఎవరికి మేలు కలుగునో, ఎవరికి కీడు కలుగగలదో చూడవలెను. అదియే నేటి ప్రసంగ విషయము.

ఫాషన్ అనగా నేమి?

ఫాషన్ అను మాట వినగానే మనకు సినిమా తారలు, విదేశపు దుస్తులు స్ఫురించును. కాని దాని అర్థము అంతకంటె సామాన్యమైనది. ఒక కాలమున ఒక సమూహములోని పలువురు ఇష్టపడి అనుసరించి, కొంతకాలమునకు విడిచిపెట్టు తీరునకే ఫాషన్ అని పేరు. జర్మను తత్త్వవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1904లో వ్రాసిన ఒక వ్యాసములో దీనికి మూలమైన రెండు కోరికలను చూపినాడు. నలుగురిలో ఒకరుగా ఉండవలెనను కోరిక మొదటిది. నలుగురికంటె వేరుగా కనబడవలెనను కోరిక రెండవది. ఈ రెండును ఒకే మనిషిలో ఉండును. ఒక ఇల్లాలు క్రొత్త అంచు చీర కట్టును. ఆ అంచు ఇరుగుపొరుగువారికి నచ్చును. అందరును కట్టిన పిమ్మట మొదట కట్టినామెకు అది రుచింపదు. ఆమె మరియొక దానిని వెదకును. ఇట్లు చక్రము తిరుగుచుండును.

ఈ చక్రమునకు లోబడని వస్త్రములును కలవు. శ్రీరామనవమినాడు భద్రాచలమున జరుగు సీతారామ కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు సమర్పింతురు. ఈ యేడు వానికి గిరాకి యుండునా యని ఎవరును లెక్కవేయరు. అది సంప్రదాయము. ఆ కల్యాణము చూడవచ్చిన కుటుంబము తమకొరకు కొనుక్కొను చీర ఏ రంగుదై యుండును, ఎంత వెలకు లోబడి యుండును, ఆ చీరను ఎన్ని నెలల ముందుగా నేయింపవలెను అను ప్రశ్నలు మాత్రము మార్కెటింగునకు సంబంధించినవి. ఈ తేడా తెలిసినచో విషయములో సగము తెలిసినట్లే.

మూడు పనులు, మూడు చదువులు

దుస్తుల పరిశ్రమలో ముఖ్యముగా మూడు పనులు కలవు. బట్ట ఎట్లుండవలెనో ఊహించి గీయుట మొదటిది. దీనిని డిజైను అందురు. అనుకొన్న దానిని తగిన నాణ్యముతో, తగిన ఖర్చుతో కుట్టించుట రెండవది. ఎవరికొరకు, ఎంత, ఎప్పుడు, ఏ వెలకు అనునది నిర్ణయించి, సరకును కొనువారి చేతికి చేర్చుట మూడవది. ఈ మూడవదియే ఫాషన్ మార్కెటింగు. చదువు పేరు వినగానే బొమ్మలు గీయుటయే అనుకొని చేరిన విద్యార్థులు మొదటి నెలలోనే లెక్కల పుస్తకము, మార్కెట్టు సర్వే కాగితములు చేతికి వచ్చుట చూచి ఆశ్చర్యపడుదురు.

మన దేశమున ఈ విద్యకు పెద్ద పీట వేసిన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫాషన్ టెక్నాలజీ, అనగా నిఫ్ట్. కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ ఆధ్వర్యమున ఇది 1986లో ఢిల్లీలో ప్రారంభమైనది. 1995లో హైదరాబాదు శాఖ ఏర్పడినది. 2006లో పార్లమెంటు చేసిన చట్టము దీనికి స్వయముగా పట్టాలిచ్చు అధికారమును కల్పించినది. డిజైను మొదలగు విషయములలో నాలుగేండ్ల డిగ్రీ చదువులు, డిగ్రీ ముగించినవారికి రెండేండ్ల ఫాషన్ మేనేజిమెంటు చదువు ఇందు కలవు. విక్రయ విద్యను ప్రధానముగా నేర్పునది ఈ కడపటిది. మరికొన్ని కళాశాలలలో ఇంటర్మీడియటు తరువాతనే ఈ విషయమును డిగ్రీగా బోధింతురు. గిరిజన సంక్షేమ గురుకుల సంస్థ సిరిసిల్లలో ఫైన్ ఆర్ట్స్ అకాడమీని నెలకొల్పి ఫాషన్ డిజైను బోధన ప్రారంభించినది. 2024లో హైదరాబాదున కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థ మొదలైనది. కనుక అడవి అంచు పల్లెలోని పిల్లకు ఈ త్రోవ ఇప్పుడు మూసుకొని లేదు.

చేతికి చూపు వచ్చుట

ఏ అమ్మాయి యైనను ఈ చదువులో మొట్టమొదట నేర్చుకొనునది అమ్మకము కాదు, గుడ్డ. నూలు, పట్టు, ఉన్ని, పాలియెస్టరు అను వానిని చేతితో తాకి, పోగు తీసి, కాల్చి చూపి గుర్తింపవలెను. నూలుపోగు కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. పట్టుపోగు కాలినపుడు వెండ్రుకలు కాలిన వాసన వచ్చును. పాలియెస్టరు కరిగి గట్టి పూసవలె ముద్దకట్టును. నూలునకు నంబరు ఎట్లు వచ్చినదో కూడ ఆమె తెలిసికొనును. 840 గజముల పొడవుగల చిలపలు నలుబది చేరి ఒక పౌను తూగినచో అది 40 నంబరు నూలు. నంబరు పెరిగిన కొలది పోగు సన్నబడును. మగ్గము ఇంట ఉన్నవారి పిల్లలకు ఈ సంగతులు పాలతోపాటు వచ్చినవే. పడుగు, పేక, కండె, నాడె అను మాటలు వారికి క్రొత్తవి కావు. పట్టణపు విద్యార్థులు ఆ మాటలను పుస్తకమునుండి నేర్చుకొనుచుండగా వీరు ఒక అడుగు ముందుందురు.

కాని మరియొక వైపున వీరు వెనుకబడుట కలదు. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లకు తరగతిలోని ఇంగ్లీషు వేగము మొదటి ఆరు నెలలు భారముగా తోచును. తాను చేసిన పనిని పదిమంది ముందు నిలిచి వివరింపవలెను; దానికే మార్కులు. విషయము తెలిసియు నోరు మెదపలేకపోవుట అనేకుల అనుభవము. దీనికి మందు ఒక్కటే. వివరింపవలసిన దానిని ముందుగా తెలుగులో తనకు తాను స్పష్టముగా చెప్పుకొనవలెను. తెలుగులో చెప్పలేని దానిని ఏ భాషలోను చెప్పలేము.

ఋతువు ఎవరిది?

పాఠ్యపుస్తకములలో ఫాషన్ సంవత్సరము రెండు ఋతువులుగా విభజింపబడియుండును. వసంత గ్రీష్మములు ఒకటి, శరద్ధేమంతములు మరియొకటి. ఇవి యూరపు దేశపు చలినిబట్టి, ఎండనుబట్టి ఏర్పడినవి. పారిస్ నగరమున వేసవి దుస్తుల ప్రదర్శన అంతకుముందటి శరత్తులోనే జరుగును. దుకాణములు సరకు తెప్పించుకొనుటకు ఆరు నెలల వ్యవధి కావలెను గదా!

మన ప్రాంతమున బట్టల ఋతువును నిర్ణయించునది చలి కాదు, చేతిలో పడిన డబ్బు. కార్తికము మొదలుకొని సంక్రాంతి వరకు ప్రత్తి డబ్బు వచ్చును. మాఘ ఫాల్గునములలో మిరప కోతలు జరుగును. ఆ కోతలకు ఛత్తీసుగఢ్ అడవి పల్లెలనుండి కూలీలు గుంపులుగా వచ్చి, తిరిగి పోవునపుడు కూలి డబ్బులో కొంత బట్టలకు వెచ్చింతురు. రెండేండ్లకొకసారి మాఘమున మేడారము జాతర వచ్చును. చైత్రమున శ్రీరామనవమి. ఎండలు ముదిరిన పిమ్మట తునికాకు సేకరణ. గూడెములలో పెక్కు కుటుంబములకు ఏడాదిలో ఒక్కసారిగా కొంత మొత్తము చేతికి వచ్చు కాలమిది. ఆ తరువాత పెండ్లిళ్ళు. వానలు పడి విత్తనములు, ఎరువులు కొనవలసిన నెలలలో ఎంత మంచి చీర చూపినను కొనువారు అరుదు.

ఈ సంగతి సంతలో బట్టల మూట విప్పు వర్తకునికి పుట్టుకతో తెలిసినట్లుండును. కళాశాలలో చదువు పిల్ల ఈ జ్ఞానమునే పట్టికగా వ్రాయుట నేర్చుకొనును. ఏ నెలలో ఏ వర్గమువారి చేతిలో డబ్బుండును, ఆ నెలకు ఎన్ని వారముల ముందు సరకు దుకాణమున ఉండవలెను, దానికి ఎన్ని వారముల ముందు నేతకు పురమాయింపవలెను అని వెనుకనుండి ముందునకు లెక్కవేయుట ఈ విద్యలోని ముఖ్యమైన పాఠము. చేనేతకు ఈ వెనుకలెక్క మరింత అవసరము. మిల్లు పది రోజులలో నేసి పంపగల బట్టకు మగ్గము నెలలు కోరును.

సంత అను పాఠశాల

అంగడి యన్నను సంత యన్నను అది మన పల్లెల వారపు విపణి. అడవి అంచున ఇది కేవలము కొనుగోలు స్థలము కాదు. బంధువులు కలిసికొనుచోటు, సంబంధములు మాటలాడుకొనుచోటు, వార్తలు చేరుచోటు. మైదానమునుండి వచ్చిన వర్తకుడు పరచిన చీరల ఎదుట కోయ మహిళ యొకతె కూర్చుండి ఒక్కొక్క చీరను చేతులలోనికి తీసికొని, కొంగు ఎండకు ఎత్తి చూచి, అంచును గోటితో గీకి, వెల అడిగి, మారుమాటాడక లేచి పోవును. మరుసటి వారము వచ్చి అదే చీరను కొనును. ఆమె ఎందుకు లేచిపోయినది? వెల ఎక్కువయైనదా? రంగు నిలుచునో లేదో యని సందేహమా? ఇంటివారితో ఆలోచింపవలసి యున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుటకే కళాశాలలో "వినియోగదారుల ప్రవర్తన" అని ఒక పూర్తి పాఠ్యవిషయము కలదు.

విద్యార్థులను ప్రశ్నపత్రములతో విపణికి పంపుదురు. పత్రమున ఉన్న ప్రశ్నలు అడుగుటకంటె చూచుట ముఖ్యమని వారు త్వరలోనే గ్రహింతురు. "మీకు ఏ రంగు ఇష్టము?" అని అడిగినచో ఎవరైనను మర్యాదకు ఏదో ఒకటి చెప్పుదురు. ఆమె ఒంటిమీది చీర, చేతిలోని సంచి, పిల్లవాని చొక్కా నిజము చెప్పును. సంతలో పెరిగిన పిల్లకు ఈ చూపు సహజముగా అలవడి యుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నగరపు దుకాణములలో "ట్రైబల్ ప్రింటు" అని పేరు పెట్టి అమ్ము బట్టలలో అనేకము ఏ గిరిజన జాతితోను సంబంధము లేనివి. ఎవరో యంత్రమున అచ్చువేసిన గీతలు, త్రికోణములు అవి. అడవి పేరు చెప్పినచో సరకు అమ్ముడుపోవును గనుక ఆ పేరు వాడుకొనుచున్నారు. ఆ పేరునకు హక్కుదారులైనవారికి అందువలన ఒక్క రూపాయియు చేరదు. కోయ, కొండరెడ్డి గూడెముల నడుమ పెరిగిన విద్యార్థి ఈ మాయను ఇతరులకంటె ముందుగా గుర్తింపగలదు. గుర్తించి ఊరకుండరాదు.

మిగిలిన సరకు ఎవరి ఇంట పడియుండును?

ఇక ఈ చదువునకు గుండెకాయ వంటి పాఠమునకు వత్తము. ఇది లెక్కయైనను కఠినమైనది కాదు. ఒక దుకాణదారుడు పండుగకై 800 రూపాయల వంతున నూరు చీరలు కొన్నాడనుకొందము. పెట్టుబడి 80,000. చీర వెల 1,200గా నిర్ణయించినాడు. పండుగ లోపల అరువది చీరలు ఆ వెలకు అమ్ముడైనవి. మోజు చల్లారినది. ఇరువదియైదు చీరలను కొన్న వెలకే, అనగా 800కు అమ్మినాడు. కడపటి పదునైదింటిని 500కు వదిలించుకొన్నాడు. మొత్తము చేతికి వచ్చినది 99,500. మిగులు 19,500. ఇందులోనుండియే దుకాణపు అద్దె, జీతములు, కరెంటు ఖర్చు.

అదే వర్తకుడు గిరాకిని ముందుగా సరిగా అంచనా వేసి డెబ్బది చీరలు మాత్రమే కొన్నాడనుకొందము. పెట్టుబడి 56,000. అరువది చీరలు 1,200కు, పది చీరలు 800కు అమ్మినచో వచ్చినది 80,000. మిగులు 24,000. ముప్పది చీరలు తక్కువ కొనియు అతడు 4,500 రూపాయలు ఎక్కువ సంపాదించినాడు. అంచనా యొక్క విలువ ఇది.

కాని అంచనా వేయుట శ్రమతో కూడిన పని. ఆ శ్రమ లేకుండ అదే 24,000 సంపాదించు మార్గము మరియొకటి కలదు. నూరు చీరలు తెచ్చి, అరువది పూర్తి వెలకు, ఇరువదియైదు కొన్న వెలకు అమ్మి, మిగిలిన పదునైదు చీరలను "ఇవి పోలేదు, తీసికొనుము" అని నేతగానికి తిప్పి పంపుట. అమ్మిన వానివలన వచ్చినది 92,000. వానికి నేతగానికి ఇచ్చినది 68,000. మిగులు సరిగా 24,000! వర్తకుని పుస్తకములో ఈ రెండు మార్గములకును భేదము లేదు. కాని రెండవ మార్గమున 12,000 రూపాయల సరకు నేత కుటుంబము ఇంట పడియుండును. నూలు అప్పు తీరదు. రంగు అప్పు తీరదు. ఇల్లాలు కండెలు చుట్టిన కూలి, పిల్లలు సాయపడిన పొద్దులు లెక్కలోనికే రావు.

2019-20 సంవత్సరపు నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశమున చేనేత పనివారు సుమారు 35 లక్షలు. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. నేత కుటుంబములలో మూడింట రెండు వంతుల నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోపు. అట్టి ఇంటికి 12,000 రూపాయల సరకు తిరిగి వచ్చుట అన్నచో రెండు నెలల తిండి తిరిగి వచ్చుట కాదు, పోవుట. ఫాషన్ మారినపుడు ఎవరో ఒకరు నష్టపడక తప్పదు. ఆ నష్టమును ఎవరి నెత్తిన వేయవలెనో నిర్ణయించువాడు మార్కెటింగు చదివినవాడే. ఈ విద్యలోని ధర్మసూక్ష్మము ఇదియే.

నేత ఊళ్ళలో నేర్చిన పాఠములు

నిఫ్ట్ వంటి సంస్థలు విద్యార్థులను చేతిపనుల గ్రామములకు పంపి, అచ్చటి పని చూచి వ్రాసికొని రమ్మను పద్ధతి కలదు. తెలంగాణమున ఈ పాఠమునకు పోచంపల్లి తగిన చోటు. అచ్చట నేయకముందే పోగులను లెక్కప్రకారము కట్టి రంగులలో ముంచెదరు; కట్టిన చోట రంగు అంటదు. దీనిని చిటికి పని అందురు. నేయునపుడు పడుగు పేకలు కలిసిన చోట రూపము తేలును. అంచులు కొంచెము చెదరినట్లుండుట చేతిపనికి గుర్తు. ఆ రూపమునే మిల్లుగుడ్డపై అచ్చువేసి అతి తక్కువ వెలకు అమ్ముట చాలకాలముగా జరుగుచున్నది. పోచంపల్లి ఇక్కతునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని చట్టము పేరును కాపాడగలదు గాని కొనువారి కంటికి తేడా చూపలేదు. చీర తిరగవేసి చూడుడు. అచ్చువేసిన గుడ్డకు వెనుకవైపు రంగు వెలవెలబోవును, ఇక్కతునకు రెండు వైపులు ఒక్కటే. ఈ చిన్న మాటను లక్షమంది ఇల్లాండ్రకు తెలియజెప్పుటయే నిజమైన మార్కెటింగు.

సిరిసిల్ల మరమగ్గముల పట్టణము మరియొక పాఠము నేర్పినది. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతపనిని అచ్చటికి ఇచ్చుటతో వేలమందికి పని దొరికినది. 2024లో ఆ చీరల పంపిణీ జరుగలేదు. మగ్గముల చప్పుడు తగ్గి పనివారు ఇబ్బంది పడినారు. తరువాత మహిళా సంఘముల చీరలకై మరల పని వచ్చినది. కొనువాడు ఎంత గొప్పవాడైనను ఒక్కడే యైనచో నేయువాని బ్రదుకు వాని చేతిలో ఉండునని విద్యార్థి ఇచ్చట గ్రహించును.

ఇక మన ఇంటి ముంగిటి ఉదాహరణము చూతము. ఖమ్మము ప్రాంతము ప్రత్తికి పేరుపడినది. సామాన్యముగా ప్రత్తిని గింజ తీసి, పెద్ద బేళ్ళుగా అదిమి కట్టి, దూరపు మిల్లులకు పంపుదురు. అదిమినపుడు దూది గట్టిపడును. దానిని విప్పుటకు మిల్లులో మరల బలప్రయోగము కావలెను. ఈ అదుముడు లేకుండ, ప్రత్తి పండు చోటికి దగ్గరగానే చిన్న యంత్రములతో నూలు వడికి, ఆ నూలును చేనేతకు ఇచ్చు పద్ధతిని ఉజ్రమ్మ మొదలగువారు రూపొందించి దానికి మల్ఖా అని పేరిడినారు. మల్మలు, ఖాదీ అను రెండు మాటల కలయిక అది. భద్రాచలమునకు చేరువనున్న బూర్గంపహాడులో అట్టి నూలు కేంద్రము పనిచేసినది. పాల్వంచ మండలములోని పునుకుల గ్రామము ఈ శతాబ్ది తొలి దశకమున పురుగుమందులు వాడని సేద్యమునకు దేశమంతట పేరుపొందిన సంగతియు మీకు తెలిసియుండును. అట్టి ఊరి ప్రత్తి పెద్ద మిల్లునకు పోయినచో తక్కిన ప్రత్తిలో కలిసిపోవును. దాని కథ అంతటితో సరి. ఊరి చెంతనే నూలై, గుడ్డయైనచో ఆ కథ గుడ్డతో కూడ కొనువారి ఇంటికి చేరును.

చిక్కు ఏమనగా, ఇట్టి గుడ్డ మిల్లుగుడ్డవలె నున్నగా ఉండదు. పోగులో ఎచ్చుతగ్గులుండును. సహజమైన రంగులు ఒక తానునకును మరియొక తానునకును రవంత తేడాగా వచ్చును. మిల్లుగుడ్డకు అలవాటుపడిన కన్ను దీనిని లోపము అనుకొనును. అమ్మువాడు అబద్ధమాడరాదు, ఉన్నదానిని చక్కగా విప్పి చెప్పవలెను.

మాటతో అమ్ముట, కొలతతో అమ్ముట

ఈ సందర్భమున రేడియో నేర్పు పాఠము ఒకటి కలదు. వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో ప్రారంభమైనవి. రేడియోలో చీర కనబడదు, గరగరలాడదు. కేవలము మాటతో దానిని వినువారి కన్నుల ముందు నిలుపవలెను. నేడు సెల్‌ఫోను తెరపై బొమ్మ చూపి అమ్ముచున్నారు. ఆ బొమ్మలో రంగు మెరుగుపడును, గుడ్డ బరువు తెలియదు. అందుచేతనే ఇంటికి వచ్చిన పిమ్మట తిరిగి పంపు సరకు అంతగా పెరిగినది. మంచి విద్యార్థిని బొమ్మ క్రింద మూడు సంగతులు తప్పక వ్రాయును: ఇది ఏ పోగు, ఎట్లు ఉతుకవలెను, రంగు ఎంత మేరకు నిలుచును. ఈ మూడును చెప్పినచో అమ్మకము కొంచెము తగ్గవచ్చును గాని తిరిగివచ్చు మూటలు అంతకంటె తగ్గును.

కుట్టిన దుస్తులలో కొలత మరియొక సమస్య. చీరకు కొలత లేదు. అది ఎవరికైనను సరిపోవును. చొక్కా, కుర్తా అట్లు కాదు. మనదేశమున అమ్ము సిద్ధదుస్తుల కొలతలు చాలవరకు విదేశపు పట్టికలనుండి వచ్చినవి. భారతీయుల శరీరములకు సొంత కొలతల పట్టికకై నిఫ్ట్ ఢిల్లీ, ముంబయి, కలకత్తా, బెంగుళూరు, హైదరాబాదు, షిల్లాంగు అను ఆరు నగరములలో పదునైదు మొదలు అరువదియైదేండ్ల వయస్సుగల 25,000 మందికి పైగా కొలతలు యంత్రముతో తీసికొనుటకు పూనుకొన్నది. ఇవన్నియు నగరములే. పొలము పనిచేయు చేతుల భుజము వెడల్పు, అడవిలో నడచు కాళ్ళ పొడవు ఆ పట్టికలో ఎంతవరకు చేరునో యని మన విద్యార్థి అడుగవలెను. కొలత తెలియని చొక్కా కూడ మిగిలిన సరకే.

చవుకదనమునకు చెల్లించు వెల

త్వరగా, చవుకగా అను రెండు మాటలే ప్రపంచపు ఫాషన్ వ్యాపారమును నడుపుచున్నవి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశమున ఢాకా చెంత రానాప్లాజా అను భవనము కూలి, అందలి కుట్టు కర్మాగారములలో పనిచేయు వెయ్యిన్ని నూరుమందికి పైగా మరణించిరి. గోడలు పగుళ్ళు తీసినట్లు ముందునాడే తెలిసియు, సరకు గడువునకు అందవలెనని వారిని పనిలోనికి పిలిచినారు. ఆ గడువును, ఆ వెలను నిర్ణయించినవి వేల మైళ్ళ దూరముననున్న విక్రయ కార్యాలయములు. కాగితముమీద వ్రాసిన ఒక అంకె ఎవరి నెత్తిన పడునో తెలియుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

పిల్లను ఈ చదువునకు పంపదలచినవారు కొన్ని ప్రశ్నలు అడిగి తెలిసికొనుట మేలు. ఆ కళాశాలలో ఖర్చు లెక్క, వెల నిర్ణయము, సరకు అంచనా అను విషయములు బోధింతురా, లేక ప్రదర్శనలు, ఫోటోలతోనే కాలము గడుపుదురా? చదువు మధ్యలో దుకాణములలోను, కర్మాగారములలోను శిక్షణకు పంపుదురా? ఫీజుకు తోడు హాస్టలు, కంప్యూటరు, గుడ్డల ఖర్చు ఎంత యగును? ఉపకార వేతనములు కలవా? ముందు చదివినవారు ఏ పనులలో చేరినారు? కరపత్రమున అచ్చువేసిన నవ్వు మొగములను చూచి నిర్ణయింపరాదు.

ఉద్యోగము ఎట్టిదో కూడ తెలియవలెను. చదువు ముగిసిన వెంటనే పెద్ద గది, మెత్తని కుర్చీ దొరకవు. పెక్కుమంది మొదట దుకాణములో రోజంతయు నిలిచి పనిచేయుదురు, సరకు లెక్కింతురు, నెలకింత అమ్మవలెనను ఒత్తిడి భరింతురు. ఎగుమతి సంస్థలలో చేరినవారు కొనువారికిని కుట్టువారికిని నడుమ నలుగుదురు. ఓర్పు గలవారు నాలుగైదేండ్లలో కొనుగోలు అధికారులగుదురు. కొందరు తిరిగి వచ్చి సొంత ఊరిలో మహిళా సంఘముల కుట్టు కేంద్రములకు లెక్కలు, కొలతలు, గిరాకి పట్టికలు తయారుచేసి ఇచ్చినచో ఆ పనికిని తగిన చోటు కలదు.

ఇప్పుడు తాతగారి ప్రశ్నకు బదులు చెప్పవచ్చును. వీధి చివరి వర్తకుడు కళాశాలలో చదువలేదు, నిజమే. అతడు చదివినది నష్టముల బడిలో. ప్రతి తప్పు అంచనాకును ఫీజు చెల్లించినాడు. ఆ ఫీజులో కొంత తన సంచినుండి, కొంత తనకు సరకు ఇచ్చినవారి ఇంటినుండి పోయినది. కళాశాల ఆ పాఠములనే కాగితముమీద ముందుగా నేర్పును. అమ్మాయి ఆ పాఠములు నేర్చి, ఎన్ని చీరలు నేయింపవలెనో సరిగా చెప్పగలిగినచో, నేత ఇంటికి మూట తిరిగి రాదు. తునికాకు కోసిన డబ్బుతో కొన్న చీర రెండు ఉతుకులకు వెలవెలబోదు. ఆ రెండు పనులు చేయగల చదువును బట్టలమ్ము చదువు అన్నను తక్కువ చేసినట్లు కాదు.